రహీం సాబ్ ఎడమకాలి పాఠం

పోయిన వసంతంలో మా చిన్నవాడి ఫుట్‌బాల్ జట్టుకి అసిస్టెంట్ కోచ్ కావలసివచ్చింది. మన షాంటిలీలో వారాంతపు పిల్లల జట్లకి జీతాల మీద కోచ్‌లు వుండరు గదా, తల్లిదండ్రుల్లోనే ఎవరో ఒకరు పూనుకోవాలి. ఆ కబురు వచ్చిన రాత్రి నేను ఆస్పత్రి డ్యూటీలో వున్నాను. తెల్లవారి ఇంటికి వచ్చేసరికి మావారు నా పేరు రాసి పంపించేశారు. "డాక్టరువి, పిల్లలకి దెబ్బలు తగిలితే పనికొస్తావు" అన్నారు. నేనా, జన్మలో బంతి తన్ని ఎరగను. మెడిసిన్ చదివేటప్పుడు హాస్టల్లో ఆడిన షటిల్ తప్ప నాకు ఆటలంటూ ఏమీ లేవు. (ఇక్కడివాళ్ళు సాకర్ అనేదాన్నే నేను ఫుట్‌బాల్ అంటున్నాను. సికిందరాబాదు పిల్లని, ఆ అలవాటు ఇప్పట్లో పోయేది కాదు.)

మొదటి శనివారం పిల్లలందరూ బెల్లం చుట్టూ ఈగల్లాగా బంతి చుట్టూ మూగారు. డల్లెస్ నుంచి లేచిన విమానం నెత్తిమీదుగా పోతే ఆట ఆపి అటు చూశారు. మావాడు కుడికాలి వాటం. బంతి ఎడమవైపు వస్తే మనిషి మొత్తం గిర్రున తిరిగి కుడికాలికి తెచ్చుకునేలోగా అది ఇంకొకరి కాళ్ళ దగ్గర వుంటుంది. సగం ఆట అయ్యేసరికి వాడిని పక్కన కూర్చోబెట్టారు. తిరిగివస్తూ కారులో అడిగాడు, "అమ్మా, నాకు ఆట రాదు కదూ?" అని. రాత్రంతా నిద్రలేని దాన్ని. "పోనీ మానెయ్యి నాన్నా, చదరంగం క్లాసులో చేర్పిస్తాను" అనేశాను. రోగి నోరు తెరవగానే పరీక్షైనా చెయ్యకుండా మందు చీటీ రాసిచ్చినట్టయింది ఆ మాట. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం సికిందరాబాదుకి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి నాన్నగారితో చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ తాతయ్య వుంటే నీకు చీవాట్లు పడేవి. ఆట రాని పిల్లాడిని మానిపించేదానికి రహీం సాబ్ లాంటివాళ్ళు ఎందుకమ్మా?" అన్నారు.

తాతయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. సిటీ పోలీసు జట్టు మాచ్ వుందంటే ఆ పూట ఇంట్లో భోజనానికి వుండేవారు కాదట. నా చిన్నతనంలో ఆయన నోట రహీం సాబ్ అన్న పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అప్పుడు నేను సచిన్ ధ్యాసలో వుండి చెవిన పెట్టలేదు. 2024 ఏప్రిల్‌లో అజయ్ దేవగణ్ వేసిన 'మైదాన్' సినిమా వచ్చింది. మీలో కొందరు చూసే వుంటారు. అది ఆ రహీం గారి కథే. సినిమాలో దేశపు జట్టు, విదేశాల మాచ్‌లు, ఢిల్లీ రాజకీయాలు వున్నాయి. నాకు కావలసింది దానికి ముందరి సంగతి. ఒక బడిపంతులు అంత పెద్ద కోచ్ ఎలా అయ్యాడన్నది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో బి.ఏ. చదివారు. ఆ రోజుల్లో యూనివర్సిటీ జట్టుకి ఆడారు, పాతా కొత్తా విద్యార్థులు కలిసి పెట్టుకున్న 'ఎలెవన్ హంటర్స్' అనే జట్టుకి ఆడారు, చదువయ్యాక వూళ్ళో కమర్ క్లబ్బుకి ఆడారు. ఆటగాడిగా ఆయన చరిత్ర అంతే. వూరి లీగు దాటిన పేరు కాదు. దేశానికి ఆడలేదు. వృత్తి బడిపంతులు, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీసు జట్టు కోచింగ్ ఆయన చేతికి వచ్చింది. అంతకు ముందు ఆ జట్టుని తీర్చిదిద్దినవారు నార్బర్ట్ ఫ్రూవాల్. ఆయన పేరు కూడా ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

గొప్ప ఆటగాడు కానివాడు గొప్ప కోచ్ కావడం వింతేమీ కాదు. ఆట పుట్టింటే అనుకునే ఇంగ్లండులో జిమ్మీ హోగన్ అని ఒకాయన వుండేవాడు. లాంకషైర్ మిల్లుల వూరు నెల్సన్‌లో పుట్టి, రాచ్‌డేల్, బర్న్‌లీ, స్విండన్ అంటూ జట్ల వెంట తిరిగిన ఆటగాడు. ఇంగ్లండు తరఫున ఆడలేదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఆస్ట్రియాలో చిక్కుపడి, అక్కడినుంచి బుడాపెస్టు చేరి, ఎం.టి.కె. క్లబ్బు పిల్లలకి బంతి నేర్పాడు. 1953లో హంగరీ వెంబ్లీకి వచ్చి ఇంగ్లండుని 6-3 తో ఓడించింది. మాకు ఈ ఆట నేర్పింది జిమ్మీ హోగనే అని హంగరీవాళ్ళే చెప్పారు. ఇంటివాళ్ళకి అక్కరలేని పంతులు పొరుగింటివాళ్ళని పండితుల్ని చేశాడన్నమాట.

సహజంగా ఆట వచ్చినవాడికి అది ఎలా వచ్చిందో చెప్పడం చేతకాదు. నా రెసిడెన్సీలో అటువంటి సర్జన్‌ని చూశాను. చెయ్యి బంగారం. పక్కన నిలబడిన మాకు మాత్రం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కిందా మీదా పడి నేర్చుకున్న ఇంకొక పెద్దాయన ముడి వెయ్యడాన్ని ఏడు మెట్లుగా విడదీసి చెప్పేవాడు. నేను ఈనాటికీ ఆ మెట్లే లెక్కపెట్టుకుంటాను. రహీం సాబ్ ఈ రెండో రకం మనిషి అనుకుంటాను.

ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చినవి హైదరాబాదులో పెట్టిన చిత్రమైన టోర్నమెంట్లు. ఒకటి డ్రిబ్లింగ్ లేని టోర్నమెంటు. బంతి అందగానే అటూ ఇటూ తిప్పి గొప్పలు పోవడానికి వీల్లేదు, వెంటనే ఇంకొకరికి అందించాలి. రెండవది వాటం లేని కాలి టోర్నమెంటు. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే తన్నాలి, ఎడమకాలి వాడు కుడికాలితో. చూడ్డానికి పిల్లచేష్టలాగా వుంటుంది గాని అందులో వున్నది బడిపంతులు బుర్ర. లెక్కల్లో వెనకబడిన పిల్లవాడికి పంతులు లెక్కలే ఎక్కువ ఇస్తాడు, తెలుగు ఇవ్వడు. పైగా అందరూ వాటం లేని కాలితో ఆడుతున్నప్పుడు, బాగా ఆడేవాడు, అంతంతమాత్రం వాడు అన్న తేడా సగం తగ్గిపోతుంది. వెనకబెంచీ పిల్లవాడు కూడా ఆ పూట సిగ్గుపడకుండా తప్పు చెయ్యగలడు. డ్రిబ్లింగ్ లేని ఆటలో బంతి లేనివాడికే ఎక్కువ పని. బంతి పట్టుకున్నవాడు ఎక్కడికి అందించాలో చూసుకోవాలి గనుక, మిగిలినవాళ్ళు ఖాళీ చూసుకుని పరుగెత్తాలి. బెల్లం చుట్టూ ఈగల జబ్బుకి మందు అదే.

ఈ పంతులు చేతికింద సిటీ పోలీసు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ని కొట్టింది. 1956లోనూ 1957లోనూ హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీ తెచ్చింది. తాతయ్య భోజనం మానేసి పరుగెత్తారంటే ఎందుకు పరుగెత్తరు!

ఇక దేశపు జట్టు. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఏషియన్ క్రీడలు జరిగాయి. ఫైనల్లో మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో ఇరాన్ మీద గెలిచి మనవాళ్ళు బంగారు పతకం తెచ్చుకున్నారు. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్ళలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. కాళ్ళకి బూట్లు తప్పనిసరి అన్న నిబంధన మన దేశంలో దాని తరువాత వచ్చిందే. పది గోళ్ళు తిన్న కోచ్‌కి ఇంటి దగ్గర ఏం స్వాగతం దొరికివుంటుందో ఊహించుకోండి. ఆయన మానెయ్యలేదు. పాత ఇంగ్లీషు పద్ధతి వదిలేసి, హంగరీవాళ్ళ మాదిరి మధ్య ఫార్వర్డ్‌ని వెనక్కి లాగి ఆడించడం మొదలుపెట్టారని చెబుతారు.

నాలుగేళ్ళకి 1956లో మెల్‌బోర్న్. మొదటి రౌండులో మనకి ఎదురుపడవలసిన హంగరీ రాలేదు గనుక ఆడకుండానే ముందుకు వెళ్ళాం, ఆ అదృష్టం ఒప్పుకోవాలి. తరువాతిది అదృష్టం కాదు. ఆతిథ్యం ఇస్తున్న ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2 తో ఓడించారు. బొంబాయి కుర్రవాడు నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. అక్కడ మళ్ళీ అదే యుగోస్లావియా. మొదటి గోలు మనది! కానీ చివరికి 4-1 తో ఓడి, బల్గేరియా చేతిలో కూడా ఓడి నాలుగో స్థానంతో వచ్చారు. 1960 రోమ్‌లో హంగరీతో 2-1 తో ఓడారు, ఫ్రాన్సుతో 1-1 సమంగా నిలిచారు.

మెల్‌బోర్న్, రోమ్ రెండు జట్లలోనూ మా సికిందరాబాదు కుర్రవాడు ఒకడున్నాడు. తులసీదాస్ బలరాం. అమ్ముగూడలో పేద ఇంట పుట్టినవాడు. కోచింగుకి రమ్మని రహీం సాబ్ పిలిస్తే, అంతదూరం రావడానికి డబ్బులు లేవన్నాడట. అద్దె సైకిలుకి డబ్బులు ఆయనే ఇచ్చేవారని బలరాం గారు తరువాత చెప్పుకున్నారు. ఆ సైకిలు మీద వచ్చిన పిల్లవాడు రోమ్‌లో హంగరీ మీద గోలు కొట్టాడు, పెరూ మీద కొట్టాడు. మా ఇంటికి అమ్ముగూడ ఎంతో దూరం కాదు. ఆ దారిన వెయ్యిసార్లు వెళ్ళి వుంటాను, ఒక్కసారీ ఈ సంగతి తెలియలేదు.

1962 జకార్తా గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ ఆ క్రీడలకి రానివ్వనందుకు మన ప్రతినిధి సోంధీ గారు అభ్యంతరం చెప్పారు. దానితో అక్కడి జనానికి మనవాళ్ళంటే ఒళ్ళుమంట. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మైదానంలో మన జట్టుకి ఈలలు, కేకలు. మొదటి మాచ్ దక్షిణ కొరియాతో 2-0 తో పోయింది. థాయిలాండ్ మీద గెలిచారు గాని, డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద గెలిచి సెమీఫైనల్‌కి వచ్చేసరికి గోల్‌కీపర్ తంగరాజ్‌కి జ్వరం. తల కుట్లు మానని జర్నైల్‌ని రహీం సాబ్ వెనకనుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాం మీద 3-2 తో గెలిచిన ఆ మాచ్‌లో జర్నైల్ గోలు కొట్టాడు.

డాక్టరుగా ఈ చోట నాకు చెమటలు పడతాయి. ఈ రోజుల్లో అటువంటి ఆటగాడిని మైదానం దరిదాపులకి రానివ్వం. అమెరికాలో పదేళ్ళు, అంతకు లోపు పిల్లలు తలతో బంతి కొట్టకూడదని యు.ఎస్. సాకర్ 2015లోనే నియమం పెట్టింది. మీ పిల్లల కోచ్ ఈ విషయంలో పట్టుబడితే దయచేసి వాదించకండి.

ఫైనల్ సెప్టెంబర్ 4న, లక్షమంది ముందు, మళ్ళీ అదే దక్షిణ కొరియాతో. ముందురోజు రాత్రి రహీం సాబ్ కుర్రవాళ్ళని కూర్చోబెట్టి తనకొక కానుక కావాలని అడిగారట. రేపు బంగారం గెలవండి, అదే కానుక అన్నారట. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగాలేదు. తంగరాజ్ గోలులోకి తిరిగి వచ్చాడు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో తల కుట్లతో జర్నైల్. కొరియా చివర్లో ఒకటి కొట్టింది. 2-1. ఆ లక్షమందిలో మనకోసం చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు కూడా వున్నారట. ఆ రోజు ఆడిన పదకొండుమందిలో తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ మన హైదరాబాదు జంటనగరాలవాళ్ళు. ఏషియన్ క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్ళీ బంగారం రాలేదు.

రహీం సాబ్ 1963 జూన్ 11న వూపిరితిత్తుల కాన్సర్‌తో పోయారు. 53 ఏళ్ళు. సినిమాలో ఆయన చేతిలో సిగరెట్ లేని సన్నివేశం వెతుక్కోవాలి. ఒక మనిషి విషయంలో జబ్బుకి కారణం ఇదేనని ఏ డాక్టరూ ఒట్టేసి చెప్పలేడు. కానీ తారీఖులు చూస్తే మనసుకి కష్టంగా వుంటుంది. 1950లో, అంటే ఆయన పోలీసు జట్టు పగ్గాలు పట్టిన ఏడే, సిగరెట్‌కీ ఈ కాన్సర్‌కీ సంబంధం చూపించే పరిశోధనలు ఇంగ్లండులో డాల్, హిల్ గార్లు, అమెరికాలో విండర్, గ్రాహం గార్లు ప్రచురించారు. ఈ గ్రాహం గారే 1933లో కాన్సర్ రోగికి ఒక వూపిరితిత్తి మొత్తం తీసి బతికించిన సర్జన్. ఆయనా సిగరెట్ కాల్చినవారే, 1957లో అదే జబ్బుతో పోయారు. ఆయన ఆపరేషన్ చేసిన రోగి ఆయనకంటే ఎక్కువ కాలం బతికాడు. లండన్ రాయల్ కాలేజ్ నివేదిక 1962 మార్చిలో వచ్చింది. ఇక్కడ సర్జన్ జనరల్ నివేదిక 1964 జనవరి 11న, రహీం సాబ్ పోయిన సరిగ్గా ఏడు నెలలకి. జకార్తాలో వున్న మనిషికి ఆ కాగితాలు ఏం అందుతాయి?

వైద్యం కాలమ్ రాయమని మన సంపాదకులు ఏడాదిగా అడుగుతున్నారు గనుక ఇక్కడే చెప్పేస్తాను. ఇప్పుడు తక్కువ మోతాదు సి.టి. స్కాన్‌తో ఈ కాన్సర్‌ని ముందే పట్టుకోవచ్చు. 50 నుంచి 80 ఏళ్ళ లోపు వయసుండి, రోజుకో పెట్టె చొప్పున ఇరవై ఏళ్ళ లెక్కకి సిగరెట్లు కాల్చినవారు, ఇంకా కాలుస్తున్నా, మానేసి పదిహేనేళ్ళు దాటకపోయినా, ఏటేటా ఆ స్కాన్ చేయించుకోవాలన్నది 2021 నుంచి ఇక్కడి సలహా. మన ఇళ్ళలో బాబాయిలు, మావయ్యలు వున్నారు. గరాజ్ తలుపు వెనక కాల్చేవారు కూడా లెక్కలోకి వస్తారు.

అదే 1963లో బలరాం కూడా ఆట మానుకోవలసివచ్చింది, ప్లూరసీ వల్ల. గురువుకీ శిష్యుడికీ ఇద్దరికీ వూపిరే శత్రువయింది. శిష్యుడు మాత్రం చాలాకాలం బతికి, తనూ కుర్రవాళ్ళకి కోచింగ్ ఇచ్చి, 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయారు. రహీం సాబ్ తరువాత హారీ రైట్ అనే ఇంగ్లీషు కోచ్ వచ్చాడు, అతని కింద 1964 ఏషియన్ కప్పులో మనవాళ్ళు రెండో స్థానం తెచ్చారు. 1970 ఏషియన్ క్రీడల్లో కంచు పతకం వచ్చినప్పుడు కెప్టెన్ హైదరాబాదు నయీముద్దీన్, కోచ్‌లలో ఒకరు పి.కె. బెనర్జీ. ఇద్దరూ రహీం సాబ్ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. కోచ్‌లకి ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలయిందే 1985లో.

ఇంటి సంగతికి వస్తాను. నాన్నగారు ఫోన్‌లో ఇదంతా తాతయ్య మాటల్లో చెప్పి, చివర్న "వాడిని ఒకసారి ఎడమకాలితో తన్నమను" అని పెట్టేశారు. మర్నాడు మావాడిని పిలిచి, మానెయ్యమన్నందుకు తప్పయిందని చెప్పాను. తల్లి తప్పయిందంటే వాడికి నమ్మకం కుదరలేదు, రెండుసార్లు చెప్పించుకున్నాడు. తరువాతి శనివారం మా హెడ్ కోచ్‌ని ప్రాక్టీసులో పది నిమిషాలు అడుక్కున్నాను. పెద్ద మనసు గల అమెరికన్ తండ్రి, సరే అన్నాడు. ఆ పది నిమిషాలూ అందరూ వాటం లేని కాలే వాడాలి, నేను కూడా. నేను మొదటి తన్నుకే బోర్లా పడ్డాను. పిల్లలు నవ్వీ నవ్వీ కింద కూర్చున్నారు. జట్టులో అందరికంటే బాగా ఆడే పిల్లవాడు బంతిని తిన్నగా ముళ్ళపొదల్లోకి తన్నాడు. మావాడు అది చూసి, మొట్టమొదటిసారి, ఆ పిల్లవాడితో మాట్లాడాడు.

వాడు ఇప్పటికీ గొప్పగా ఆడతాడని చెప్పను. ఇంకా సగం ఆట పక్కనే కూర్చుంటాడు. అక్టోబర్‌లో ఒకసారి బంతి ఎడమవైపు వస్తే గిర్రున తిరగకుండా ఎడమకాలితోనే పక్కవాడికి అందించాడు. అది గోలు కాలేదు. కారులో దాని గురించి ఇంటిదాకా చెప్పాడు.

మన సంఘం పిల్లలకి వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి, ఉదయం 9 గంటలకి, పోప్లార్ ట్రీ పార్కులో ఆట పెడదామని కమిటీవారు ఒప్పుకున్నారు. ఏడు నుంచి పన్నెండేళ్ళ ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ రావచ్చు. మొదటి అరగంట డ్రిబ్లింగ్ లేదు, రెండో అరగంట వాటం లేని కాలు. ముంగాలికి కట్టుకునే షిన్ గార్డులు, మంచినీళ్ళు తెచ్చుకోండి. పెద్దవాళ్ళు గీతకి బయట, నోరు మెదపకుండా నిలబడాలి. కాఫీ నేను తెస్తాను.